రోజుకు అయిదు పళ్ళు

మా ఇంటికి అరగంట దూరంలో ఒక వాగుంది. పేరు బిగ్ బ్రూక్. పేరులో బిగ్ అని ఉంది గానీ, మామూలు రోజుల్లో చాలా చోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. మా గోదావరి వాళ్ళయితే పంటబోదె అనేస్తారు. ఆ వాగు అడుగున గులకరాళ్ళలో సొరచేపల పళ్ళు దొరుకుతాయి. ఎవరైనా వెళ్ళి ఏరుకోవచ్చు. కాకపోతే ఒక మనిషి రోజుకు అయిదుకి మించి ఇంటికి తెచ్చుకోకూడదు. జల్లెడ 18 అంగుళాలకి మించకూడదు, చేతిపార అలుగు 6 అంగుళాలకి మించకూడదు, గట్లు తవ్వకూడదు. ఇవన్నీ అక్కడి టౌన్‌షిప్ వాళ్ళు పెట్టిన నియమాలు.

సముద్రంలో ఉండాల్సిన సొర వాగులోకి ఎందుకొచ్చింది, వచ్చిందే అనుకున్నా పళ్ళెందుకు వదిలేసి పోయింది అని మీకు అనుమానం రావచ్చు. మా అత్తయ్యగారికి కూడా మొదట వచ్చిన అనుమానం అదే. అసలు సంగతేంటంటే సొర వాగులోకి రాలేదు, వాగే సొర దగ్గరికి వెళ్ళింది. ఇప్పటికి సుమారు 7 కోట్ల ఏళ్ళ కిందట, డైనోసార్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో, న్యూజెర్సీలో మేముండే ఈ వైపంతా లోతు తక్కువ సముద్రం. దాని అడుగున మట్టి పొరలు పొరలుగా పేరుకుంది. చచ్చిన చేపలు, ఆల్చిప్పలు, ఊడిన పళ్ళు అన్నీ ఆ మట్టిలో కూరుకుపోయాయి. తరవాత సముద్రం వెనక్కి పోయి అది నేలయింది. ఇప్పుడు ఈ వాగు ఆ పాత పొరల్ని కోసుకుంటూ పారుతోంది. పెద్ద వాన పడి పొంగినప్పుడల్లా గట్టు కాస్త కరుగుతుంది. లోపల దాక్కున్నవి రాలి గులకరాళ్ళలో కలుస్తాయి.

ఆ మట్టిని మార్ల్ అంటారు. పచ్చటి ఇసకలా ఉంటుంది. పొటాష్ ఉంటుంది కాబట్టి వెనకటి రైతులు తవ్వుకుపోయి పొలాలకి ఎరువుగా చల్లుకునేవారట. పక్కనున్న మార్ల్‌బరో ఊరికి ఆ పేరు అలా వచ్చిందే. ఇదే రాష్ట్రంలో హేడన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో అలాంటి మార్ల్ గోతిలోనే 1858లో హాడ్రోసారస్ అనే డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. ఎరువు కోసం తవ్వితే డైనోసార్ దొరికిందన్నమాట.

ఇక మా కథకొస్తాను.

క్రిందటేడు మాఘమాసంలో మా మావయ్యగారు పోయారు. సంవత్సరీకాలు అయ్యాక, మే నెలలో, మా ఆయన వెళ్ళి అత్తయ్యగారిని ఆరు నెలలకి తీసుకొచ్చారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. డెబ్భై ఒకటి నిండాయి. బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది. మనిషి మాత్రం గట్టిదే. ఎన్నడూ ఊరికే కూర్చున్న మనిషి కాదు. అలాంటిది ఇక్కడికొచ్చాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండిపోయేవారు.

ఒక్క పని మాత్రం మానలేదు. రోజూ పొద్దున్నే పళ్ళెంలో బియ్యం పోసుకుని కిటికీ వెలుతుర్లో ఏరేవారు. ఇక్కడ మేం కొనే సోనా మసూరి సంచుల్లో రాళ్ళూ ఉండవు, వడ్లూ ఉండవు, పురుగు కూడా అరుదు. చెప్పాను కూడా, "అవసరం లేదత్తయ్యగారూ, కడిగి పోసేద్దాం" అని. "ఉండమ్మాయ్, చూడనీ" అనేవారు. అరగంట పాటు వేళ్ళతో బియ్యం ఇటునుంచి అటు తోసి, ఒక్క గింజ కూడా పక్కన పడేయకుండా లేచి, "మీ బియ్యంలో ఏమీ లేదు" అనేవారు. ఆ మాట మెచ్చుకోలులా వినపడేది కాదు నాకు.

మా ఆయన ఆలోచన వేరు. ఆవిడకి గ్రీన్‌కార్డుకి పెట్టేసి, ఊళ్ళో ఇల్లు అమ్మేసి, ఇక్కడే ఉంచేసుకోవాలని. బేరం కూడా వచ్చింది. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ "నీ ఇష్టం నాన్నా" అని మజ్జిగ పోసుకునేవారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు "నీ ఇష్టం" అన్నారంటే దానికి ఎన్ని అర్థాలున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఆయన మాత్రం దాన్ని "సరే" అని రాసేసుకున్నారు.

వాగు సంగతి తెచ్చింది మా చిన్నది. ఆరో తరగతి. స్కూలు వాళ్ళు ఒకసారి తీసుకెళ్ళారు. దానికి రెండు పళ్ళు దొరికాయి. మళ్ళీ వెళ్దామని ఒకటే నస. జూన్‌లో బళ్ళు అయిపోగానే ఒక బుధవారం పొద్దున్న ముగ్గురం బయల్దేరాం. అత్తయ్యగారు ఇంట్లో ఒక్కరూ ఉండలేక వచ్చారు గానీ, సరదా పడి కాదు.

దారిలో మా అమ్మాయి కౌంటీ పేరు మన్‌మత్ అనీ, అక్కడే రామనెస్సిన్ అని ఇంకో వాగు ఉందనీ, అందులోనూ పళ్ళు దొరుకుతాయనీ చెప్పింది. "మన్మథుడూ రాముడూ ఒకే తాలూకాలో ఉన్నారా?" అన్నారు అత్తయ్యగారు. వచ్చిన నెలలో ఆవిడ వేసిన మొదటి హాస్యం అది. పిల్లకి అర్థం కాలేదు. నాకు స్టీరింగ్ మీద చెయ్యి ఆగలేదు నవ్వుకి.

"ఇంతకీ ఏం ఏరతామే అక్కడ?"

"సొర పళ్ళు నానమ్మా. ఏడు కోట్ల ఏళ్ళ నాటివి."

"సొరా! సొర పిట్టు వండిన చేతులే ఇవి. మీ అన్న పుట్టినప్పుడు మీ అమ్మకి పాలు పడాలని నరసాపురం బజారుకి మనిషిని పంపి పాలసొర తెప్పించేదాన్ని. పసుపు వేసి ఉడకబెట్టి, తోలు ఒలిచి, పిట్టు చేసి పెడితే మీ అమ్మ ముక్కు మూసుకుని తినేది."

అది నిజమే. మా వైపు బాలింతకి సొర పిట్టు పెట్టని ఇల్లుండదు.

"మరి స్కూల్లో చెప్పారు నానమ్మా, పళ్ళు మాత్రమే దొరుకుతాయట, ఒళ్ళు దొరకదట. ఎందుకో తెలుసా?" అంది పిల్ల, పరీక్ష పెడుతున్నట్టు.

"దానికి ముల్లేదే పిల్లా మిగలడానికి? ఉడికిస్తే నడుం వెన్ను కూడా మెత్తగా కొరుకుడు పడిపోద్ది. ఏడు కోట్ల ఏళ్ళు కాదు, ఏడు రోజులుండదు. గట్టిగా ఉండేవి పళ్ళే."

మా అమ్మాయి నోరు తెరుచుకుని నావైపు చూసింది. దాని టీచరు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన సంగతి అదే. సొరకి ఎముక ఉండదు, మన చెవి డిప్పలో ఉండే లాంటి మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది కుళ్ళిపోతుంది. పళ్ళు మాత్రం మిగులుతాయి. పైగా సొరకి మనలాగా రెండు విడతల పళ్ళు కావు. వెనక వరసలు తయారుగా ఉంటాయి. ముందుది ఊడితే వెనకది జరిగి వస్తుంది. జన్మ మొత్తం మీద వేల పళ్ళు రాలుస్తుంది. అందుకే ఒక చిన్న వాగులో ఇన్ని దొరుకుతున్నాయి. ఇంకో విశేషం చదివాను. సొర పంటి పైపూతలో ఫ్లోరైడు ఉంటుందట. టూత్‌పేస్టులో వేసేదీ అదే, నల్గొండ నీళ్ళలో మోతాదు మించి మనుషుల పళ్ళూ ఎముకలూ పాడుచేసిందీ అదే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చిన్న మాట. రబ్బరు బూట్లు వేసుకోండి. అడుగున రాళ్ళతోపాటు పాత గాజు పెంకులు కూడా ఉంటాయి. వాగు దాకా నడిచే దారిలో గడ్డి ఎక్కువ, గడ్డిలో టిక్కులుంటాయి. కుడితే లైమ్ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అందుకని ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుని, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో వెతుక్కోవాలి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగని ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు. ఇవన్నీ నేను అత్తయ్యగారికి వివరంగా చెప్పి, మా అమ్మాయి ట్రాక్ ప్యాంటు ఒకటి ఇవ్వబోయాను. ఆవిడ నావైపు ఒక చూపు చూశారు. చీర కింద మా పెద్దాడి పాత బూట్లు తొడుక్కుని, కుచ్చిళ్ళు ఎగ్గట్టి, ఊడుపులకి దిగినట్టు దిగిపోయారు వాగులోకి.

మొదటి గంట ఎవరికీ ఏమీ దొరకలేదు. పద్ధతి ఏంటంటే, వాగు మలుపుల్లో గులకరాళ్ళు మేటలు వేసి ఉంటాయి. అక్కడ చేతిపారతో రాళ్ళూ ఇసకా కలిపి జల్లెడలోకి తీసుకోవాలి. నీళ్ళలో ముంచి ఊపితే సన్న ఇసక కారిపోతుంది. మిగిలినవాటిలో వెతకాలి. తెల్ల రాళ్ళు, తుప్పు రంగు రాళ్ళు, నల్ల రాళ్ళు. అన్నీ తడిగా మెరుస్తుంటాయి. మా అమ్మాయి ప్రతి మూడుమూలల రాయినీ పన్నే అంటుంది. నాకైతే పది నిమిషాలకి కళ్ళు జిగేల్‌మన్నాయి.

అత్తయ్యగారు కాసేపు చూశారు. "ఇదేం పద్ధతే, ఊపితే ఏం తెలుస్తుంది, గాలించాలి గానీ" అన్నారు. కారులో నీళ్ళ సీసాలు పెట్టి తెచ్చిన స్టీలు తపేలా ఉంటే తెమ్మన్నారు. మన పాత బియ్యం తపేలానే. జల్లెడలో మిగిలిన సన్నరాయి అందులో పోసి, వాగు నీళ్ళు పట్టి, మణికట్టు తిప్పుతూ గుండ్రంగా ఆడించడం మొదలుపెట్టారు. పైన తేలికగా తేలిన ఇసక నీళ్ళతో పాటు జారిపోతోంది. బరువైనవి అడుక్కి దిగుతున్నాయి. నాలుగు విడతలు అలా ఒంపాక తపేలా అడుగున గుప్పెడు మిగిలింది. వేలితో ఇటు తోసి అటు తోసి, "ఇదేనా చూడు" అన్నారు.

గోధుమరంగులో, చిటికెన వేలి గోరంత, సన్నగా కోసుగా ఉంది. మా అమ్మాయి అరిచిన అరుపుకి చెట్ల మీద పిట్టలు లేచాయి.

గాలించడం అన్న మాట మీద నాకు మొదట్నుంచీ ఇష్టం. నేను చదివింది తెలుగు బీయే కదా, ఇలాంటివి పట్టుకుని వేలాడుతుంటాను. బియ్యం నీళ్ళలో ఆడించి రాయి వేరుచేయడాన్ని గాలించడం అంటాం. పోలీసులు దొంగ కోసం ఊరంతా వెతికితే అదీ గాలించడమే. ఒక్క మాట వంటింట్లోంచి పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళింది. అత్తయ్యగారి చేతుల్లో ఆ రెండు అర్థాలూ ఒకటైపోయాయి. కాకపోతే ఇక్కడ లెక్క తిరగబడింది. ఇంట్లో గాలిస్తే పైకి తేలిన బియ్యం మనవి, అడుగున మిగిలిన రాళ్ళు పారేసేవి. వాగులో అడుగున మిగిలేవే కావలసినవి. శిలగా మారిన పన్ను మామూలు ఇసక కంటే కొంచెం బరువు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. శుక్లాలు తీసిన కళ్ళు, సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తారు. అలాంటిది గులకరాళ్ళలో పన్ను మాత్రం నాకంటే ముందు కనపడేది. ఎలా అని అడిగితే, "యాభై ఏళ్ళు రేషన్ బియ్యం ఏరాను తల్లీ. రంగు చూస్తే మోసపోతాం. మెరుపు చూడాలి" అన్నారు. ఎంత పాతబడినా పంటి మీద ఆ నున్నటి మెరుపు పోదు. రాయి మెరుపు వేరు, పంటి మెరుపు వేరు. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఇంత తేలికగా చదవలేదు.

ఆ రోజు మొదలు వేసవంతా మా బుధవారాలు వాగువి అయిపోయాయి. పులిహోరో పెరుగన్నమో కట్టుకుని పోయేవాళ్ళం. వానపడి రెండు రోజులై నీళ్ళు తేటపడిన రోజయితే మరీ మంచిది. కొత్త సరుకు దిగుతుంది. క్రమంగా ఆవిడకి రకాలు తెలిశాయి. సన్నగా పొడుగ్గా, పంటి లోపలివైపు నిలువు గీతలుండేది గాబ్లిన్ షార్క్ జాతిది. గాబ్లిన్ అంటే దయ్యం లాంటిది. దాని చుట్టాలు ఇప్పటికీ సముద్రాల లోతుల్లో ఉన్నాయి. అత్తయ్యగారు దాన్ని దయ్యపు సొర అన్నారు. వెడల్పుగా, పొట్టిగా, అంచున రంపంలా ఉండేది క్రో షార్క్ పన్ను, అంటే కాకి సొర. దాని అంచు మీద వేలు పెట్టి, "కక్కు కొడవలే ఇది" అన్నారు. ఇంకా, తేనె రంగులో తుపాకీ తూటాల్లా ఉండేవి దొరికేవి. అవి పళ్ళు కావు, స్క్విడ్ లాంటి ఒక ప్రాణి ఒంట్లోని గట్టి భాగం. బెలెమ్నైట్ అంటారు. మా అమ్మాయి ఇంగ్లీషులో పేరు చెప్తే ఈవిడ తెలుగులో పేరు పెట్టడం, అది నోటు పుస్తకంలో రాసుకోవడం. తెలుగు రాయడం రాదు దానికి. ఇంగ్లీషు అక్షరాల్లోనే "కాకి సొర" అని రాసుకుంది.

నేను ఇంటికొచ్చి చదువుకునేదాన్ని. యూరప్‌లో వెనకటికి ఈ పళ్ళని నాలుక రాళ్ళు అనేవారట. చంద్రుడు క్షీణించే వేళ ఆకాశంలోంచి రాలతాయని రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. విషానికి విరుగుడని మెళ్ళో కట్టుకునేవారు. 1666లో ఇటలీ తీరంలో ఒక పెద్ద సొర పడితే, దాని తలని ఫ్లోరెన్స్‌లో ఉన్న స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడికి కోసి చూడమని పంపారు. ఆయన ఆ నోట్లో పళ్ళు చూసి, ఈ నాలుక రాళ్ళు అచ్చం ఇలాగే ఉన్నాయే, ఇవి సొర పళ్ళేనని మరుసటేడు పుస్తకంలో రాశాడు. ఇది చెప్తే అత్తయ్యగారు, "సొరని కోసిన వాళ్ళావిడనడిగినా చెప్పేది" అన్నారు. ఆయన పెళ్ళే చేసుకోలేదు, తరవాత మతగురువైపోయాడు అని చెప్పాను. "అదీ సంగతి" అన్నారు.

మన పూజా మందిరాల్లోని సాలగ్రామాలు కూడా ఇలాంటివేనని ఆవిడకి చెప్పడానికి కొంచెం తటపటాయించాను. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళలో కనపడే చక్రం, ఒకప్పటి సముద్రపు ప్రాణి అమ్మోనైట్ గుల్ల. హిమాలయాలు లేవక ముందు అక్కడా సముద్రమే. ఆవిడేమన్నా నొచ్చుకుంటారేమో అనుకున్నాను. విని, "అంటే అదీ వాగులో ఏరుకున్నదేనన్నమాట. మంచిదే" అని ఊరుకున్నారు.

అయిదు నియమం విషయంలో మాత్రం ఆవిడ మా అందరికంటే కచ్చితం. ఇంటికి బయల్దేరే ముందు దొరికినవన్నీ ఒక చదునైన రాయి మీద పరిచి, ముగ్గురికి పదిహేను ఎంచి, మిగతావి నీళ్ళలో వదిలేయాలి. ఎంచడానికే పావుగంట. ఒకరోజు మాకు పద్దెనిమిది వచ్చాయి. "ఎవరు చూస్తారు నానమ్మా, ఉంచుకుందాం" అని చిన్నది బతిమాలింది. "రేపొచ్చే పిల్లకి ఉండద్దా?" అని మూడూ తీసుకెళ్ళి మేటలో వేసేశారు. అందులో ఒకటి దాదాపు అంగుళం పొడుగు దయ్యపు సొర. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ ఉంచుకున్నవాటిలో ఒకటి సగం విరిగిన కాకి సొర ముక్క. అదెందుకు అంటే, "ఇది చిన్నది తన కళ్ళతో తాను చూసి తీసింది. అది తపేలాలో పడితే దొరికింది" అన్నారు.

ఆగస్టు చివర ఒక బుధవారం, పిల్ల కాస్త పై మలుపులో ఉండగా, అత్తయ్యగారు తపేలాలోంచి తల ఎత్తకుండానే అన్నారు.

"అమ్మాయ్, ఆ ఇల్లు అమ్మొద్దని అబ్బాయితో నువ్వు చెప్తావా?"

నేను చెయ్యి ఆపలేదు. ఆపితే ఆవిడ మాట ఆపేస్తారని తెలుసు. "మీరే చెప్పొచ్చుగా అత్తయ్యగారూ?"

"నేను చెప్తే వాడు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. అమ్మ నాతో ఉండనంటోంది అనుకుంటాడు."

"ఒక్కరూ ఎలా ఉంటారక్కడ?"

"అక్కడ ఒక్కదాన్నేంటి? తెల్లారితే పాలవాడు, పూలమ్మాయి, గోడవతల పిలిస్తే పలికే మనుషులు. ఇక్కడ మీరందరూ బంగారాలే. కానీ నీ వంటిల్లు నీది. నేను చెయ్యి పెడితే నీకు ఇబ్బంది, పెట్టకపోతే నాకు పొద్దుపోదు. నువ్వు ఒక్క మాటన్నావని కాదు. ఉన్న సంగతి చెప్తున్నాను." కాసేపాగి, "మీ మావయ్య కట్టించిన ఇల్లమ్మా. గచ్చు ఎక్కడ పగిలిందో చీకట్లో కూడా నా కాలికి తెలుసు" అన్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎంత మర్యాదగా ఒకరినొకరు తప్పించుకుంటూ తిరుగుతారో, ఆ మర్యాదకే ఎంత అలిసిపోతారో ఈ బ్లాగు చదివే మీలో చాలామందికి తెలుసు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మేమిద్దరం ఇంత సూటిగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఎదురెదురుగా కూర్చుని ఉంటే మాట్లాడుకునేవాళ్ళం కాదేమో. ఇద్దరి కళ్ళూ గులకరాళ్ళ మీద ఉన్నాయి.

నేను మా ఆయనకి చెప్పలేదు. ఈ మాట ఆవిడ నోటితోనే రావాలి. నేను చెప్తే అది కోడలి మాటైపోతుంది. దాని మీద ఇంకో పదేళ్ళు చర్చ నడుస్తుంది. అందుకని లేబర్ డే సెలవు రోజు ఆయన్ని కూడా వాగుకి లాక్కెళ్ళాను. ఆయనకి ఈ పళ్ళ గోల అంతా పిల్లాటగా ఉండేది. అత్తయ్యగారు ఆయన చేతిలో తపేలా పెట్టి, "ఇలా తిప్పు. అలా కాదు, మణికట్టు తిప్పు" అని నేర్పడం మొదలుపెట్టారు. నేను చిన్నదాన్ని తీసుకుని కింది మలుపు దాకా నడిచాను. అక్కణ్ణుంచి ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి. నీళ్ళ చప్పుడులో మాటలు వినపడలేదు. ఒకసారి ఆయన తపేలా కింద పెట్టేశారు. ఆవిడ దాన్ని తీసి మళ్ళీ ఆయన చేతికిచ్చారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన పిడికిట్లో ఒక ముక్కుంది. అరగంట గాలించి సంపాదించిన విరిగిన పన్ను. "అమ్మ పద్ధతి కష్టమే" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. మా లెక్కకి ఇది పదహారోది అని చిన్నది గొడవ పెట్టబోతే, "మీ నాన్న అయిదులోకి వేసుకోవే" అన్నారు నానమ్మ.

రెండు రోజులు ఇంట్లో టీవీ కూడా మెల్లగా మోగింది. మూడో రోజు రాత్రి ఆయనే కదిపారు. పడిపోతే ఎవరు చూస్తారు, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఇక్కణ్ణుంచి వెళ్ళడానికి ఒక రోజు పైన పడుతుంది కదా అని. ఆ భయం అబద్ధం కాదు, నాకూ ఉంది. నాన్నగారి చివరిచూపు ఆయనకి దక్కలేదు. ఆ గాయం మీదే ఈ పట్టుదలంతా నిలబడింది. చివరికి రాత్రుళ్ళు తోడు పడుకోవడానికి మనిషిని పెట్టాలని, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు బిగించాలని, ఇల్లు బేరం మానుకోవాలని తేలింది. ఏడాదికోసారి వేసవికి ఆవిడ రావాలి. గ్రీన్‌కార్డు మాట మళ్ళీ ఎత్తలేదు. ఇదే సరైన నిర్ణయమని నేను అనుకుంటున్నాను. మా ఆయన ఇప్పటికీ అలా అనుకోవడం లేదు. ఫోను మొదటి రింగుకి ఎత్తకపోతే ఆయన ముఖం చూడాలి.

అక్టోబరు చివర్లో ఆవిడ వెళ్ళిపోయారు. పళ్ళన్నీ పిల్లకే వదిలేశారు. అయిదు మాత్రం పాత కళ్ళజోడు పెట్టెలో దూది పరిచి పెట్టుకున్నారు. వాళ్ళ ఊళ్ళో చాలామంది చూశారట. చేపలమ్మే ఆవిడ మాత్రం ఒక్క చూపులో, "సొరదే గానీ మన నీళ్ళలోది కాదు" అని తేల్చేసిందట.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడ కెమెరా ముందు ఏదో అడ్డంగా పెట్టారు. మాకు ఎర్రటి మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. "నానమ్మా, వెనక్కి, వెనక్కి!" అని చిన్నది అరిచింది. పక్కింటివాళ్ళు గోడ కట్టుకోవడానికి గోదావరి ఇసక తోలించారట. జల్లెడ పట్టగా మిగిలిన గులకల్లో ఏరారట. నిమ్మగింజ కంటే పెద్దది, ఎర్రటి రాయి, లోపల తెల్లటి చారలు. అగేటు. గోదావరి దక్కను నల్లరాతి మీదుగా వస్తుంది కదా, ఆ రాతి బొరియల్లో పుట్టినవి ఇలా కొట్టుకొస్తుంటాయి. పిల్ల కంప్యూటర్‌లో వెతికి, దక్కను రాయి వయసు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళని చెప్పింది.

"అయితే నీ సొర కంటే చిన్నదే" అన్నారు ఆవిడ, కాస్త నిరాశగా. "ఇక్కడ రోజుకి ఎన్ని తీసుకోవచ్చో ఎవరూ చెప్పలేదు. నేనే అయిదు అనుకున్నాను. అక్కడ వాన పడిందా?"

పడింది. రాత్రంతా పడింది.

"అయితే బుధవారానికి తేటపడిపోద్ది," అన్నారు. "తపేలా మర్చిపోకండి."